గంజిలో ఉప్పు

ఆ పొద్దున సముద్రం మీద ఆకాశం సరిగ్గా తెల్లారలేదు. సూర్యుడు రావలసిన చోట బూడిదరంగు మబ్బొకటి అడ్డంగా పడుకొని ఉంది. దాని అడుగంచు మాత్రం నూరిన కొడవలి మాదిరి మెరుస్తా ఉంది. కత్తిరి ఎండలు మొదలైన నాలుగోనాడు. ఆ రోజుల్లో ఆగ్నేయం మూల అట్టాంటి మబ్బు పట్టిందంటే పైటేలకు వాన పడాల్సిందే. పదిదినాలుగా కయ్యల్లో పేరిన ఉప్పు ఇంకా గట్టెక్కలేదు.

హజరత్తయ్య ఏతాం మాను దిగి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకొని చూసినాడు. తర్వాత వంగి కయ్యలో వేలు ముంచి, తడి వేలు గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు. వేలికి సముద్రం వైపు చల్లగా తగిలింది.

"ఏమన్నా, దాటిపోద్దా?" అని గట్టు మీద నుంచి కేకేసినాడు మేస్త్రీ చాంద్ బాషా.

"దాటదు."

"రొవంతన్నా పక్కకు పొయ్యేటట్టు లేదా?"

"దాన్నడుగు. నన్నడిగితే ఏముంది? లాగించు."

చాంద్ బాషా తలగుడ్డ విప్పి నడుముకు బిగించుకున్నాడు. కాలవ అవతలి ఇళ్లకు వినబడేటట్టు అరిచినాడు. కాళ్లుండే ప్రతి మనిషీ రావాలన్నాడు. ముసిలీ ముతకా అనొద్దన్నాడు. మొగోళ్లు పలకలు పట్టుకొని ఉప్పును అంచులకు లాగతా ఉంటే, ఆడోళ్లు గంపలకెత్తి మెరక మీద రాసి పోస్తా ఉన్నారు. అరగంట గడిచింది. మబ్బు సగం ఆకాశం ఎక్కింది. మేస్త్రీ హజరత్తయ్య దగ్గిరికొచ్చి, ఎటో చూస్తా అన్నాడు.

"శేషమ్మొదిన్ని కూడా రమ్మను."

హజరత్తయ్య పలక ఆపినాడు. పక్కన గంప ఎత్తుకుంటా ఉన్న గురవమ్మ మాత్రం ఊరుకోలా.

"మేస్త్రీ, మంచినీళ్ల కుండ దిక్కుకు రావద్దని ఆయమ్మను తరిమిన నోరేనా అది? ఎనిమిది నెలలు కాలా ఇంకా."

"మబ్బుకు క్షయ అంటదులే గురవమ్మక్కా. ఉప్పు కరిగితే నీ ఇంట్లోనూ నా ఇంట్లోనూ పొయ్యి రాజదు. నువ్వు గంపెత్తు ముందు."

హజరత్తయ్య పెండ్లాం వెంకటశేషమ్మను పిలవాల్సిన పని లేకపోయింది. కాలవ గట్టు మీద ఒంటిగా ఉండే పాకలోంచి ఆమే వస్తా ఉంది. యాభై ఏడేళ్లు. ఒకప్పుడు తలమీద గంప, చంకలో గంప పెట్టుకొని రాసి చెక్క మీద పరుగెత్తిన మనిషి. ఇప్పుడు పది అడుగులేసి నిలబడింది, మళ్లా పది అడుగులేసింది. కాలికి ఉన్న వెండి కడియం కండలో దిగబడిపోయి ఉంది. గంపల వరసలోకి ఆమె రాగానే ముందున్న మనిషి ఇంకా ముందుకు, వెనకున్న మనిషి ఇంకా వెనక్కి జరిగినారు. ఆమె ఎవరి ముఖమూ చూడలా. వంగి గంప నింపుకుంది.

"మే, నువ్వొద్దు, పో," అన్నాడు హజరత్తయ్య.

"రెండు గంపలు ఎత్తితే చస్తానా?"

మొదటి గంప పోసింది. రెండోది పోసేసరికి పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయినాయి. మూడో గంపతో రాసి మీదికి వేసిన చెక్క ఎక్కతా ఎక్కతా సగంలో నిలబడింది. ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్న దానిలాగా తల కొంచెం వంచింది. తర్వాత గంప ముందు పడింది. గంప వెనకాల ఆమె పడింది.

పలకలన్నీ ఆగిపోయినాయి. ఇరవైమంది చుట్టూ నిలబడినారు. కానీ నాలుగు బారల దూరం నుంచి దగ్గిరికి ఎవురూ రాలా. వానకు ముందు వచ్చే గాలికి చీర కొంగులు టపటప కొట్టుకుంటున్నాయి.  హజరత్తయ్య పలక పారేసి పరుగెత్తి, ఆమె తల తొడమీద పెట్టుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నల్లగుడ్లు పైకి పోయినాయి. నోట్లో ఉప్పు పడింది. దాన్ని వేలితో తీసినాడు.

"ఎండదెబ్బ! ఉప్పుగంజి పట్టించన్నా," అని దూరం నుంచే అరిచింది గురవమ్మ.

కయ్యల్లో ఎవరు సొమ్మసిల్లినా చేసేది అదే. చెమటగా పోయిన ఉప్పును గంజిలో పోస్తే ప్రాణం లేచొస్తది. తాతల నాటి నుంచి అంతే. ఎవరి కయ్యలో ఉప్పు వాళ్లకే ఎక్కువ పనిచేస్తదని కూడా అంటారు. హజరత్తయ్య తన ముంతలోని గంజిలో పిడికెడు కొత్త ఉప్పు వేసి వేలితో తిప్పినాడు. ఆ వేలు నాకి రుచి చూసి, ఇంకొంచెం వేసినాడు. అప్పటికి ఆమెకు తెలివొచ్చింది. ఆమె ముంత చూసింది. ఆయన ముఖం చూసింది. ముంత రెండు చేతులతో పట్టుకొని, ఆయన వేళ్లను కలిపి పట్టుకొని, ఒక్క గుక్కలో తాగేసింది.

వాన పడింది. రాసి సగం నిలిచింది, సగం కరిగింది. తడిసిన మీసాల్లోంచి నీళ్లు కారతా ఉంటే చాంద్ బాషా పాక ముందరికొచ్చి నిలబడినాడు. లోపలికి రాలేదు.

"అన్నా, నా బండి కడతా. గూడూరు అవతల మిషను ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ ఉందంట. పొయ్యిరాండి." మీసాలు తుడుచుకొని అన్నాడు, "పిలవకుండా ఉండాల్సింది నేను."

"నువ్వు పిలవలా. అదే వచ్చింది," అన్నాడు హజరత్తయ్య.

బయల్దేరేముందు పాత గుడ్డలో వీశెడు ఉప్పు మూట కట్టుకున్నాడు. ఉప్పు కొఠారు మనిషి ఎవరి గడపకైనా చేతులూపుకుంటా పోడు. పోతే తన కయ్యలో తొలిపలకకు లాగిన ఉప్పు ఇచ్చి కూర్చుంటాడు.

*

డాక్టరు కరుణాకుమారికి యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. మాట్లాడేకంటే ఎక్కువసేపు వింటది. వెంకటశేషమ్మ పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, ముందు చీటీలు చూసింది. కోట ఊళ్లో సూదిమందులిచ్చే ఆయన రాసిన చీటీలవి. తొంభై సూదులు పొడిచినట్టు లెక్క ఉంది.

"క్షయ అని ఎవరు చెప్పారు?"

"ఆయనేనమ్మా," అన్నాడు హజరత్తయ్య.

"ఫోటో తీయించాడా?"

"లేదమ్మా."

"కఫం పరీక్ష?"

"దగ్గు విన్నాడు. మనిషి చిక్కింది, ఆయాసపడతా ఉంది, ఇంకేం పరీక్ష అన్నాడు."

డాక్టరమ్మ చీటీలు మడిచి బల్లమీద బోర్లా పెట్టింది. శేషమ్మ చీలమండ మీద బొటనవేలు ఆనించి నొక్కి, తీసింది. అక్కడ పడిన గుంట అట్టాగే నిలిచింది. మెడ పక్కన నరం ఉబ్బి కొట్టుకుంటా ఉంది. దాన్ని చాలాసేపు చూసింది. రొమ్ము ఎముకకు ఎడమ పక్క అరచెయ్యి బోర్లించి కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి పైకి కిందికి కదలడం గుమ్మంలో నిలబడిన హజరత్తయ్యకు కూడా కనిపించింది. ఆమె లోపల ఎవరో తలుపు తడతా ఉన్నట్టుంది.

"దగ్గు ముందొచ్చిందా, ఆయాసం ముందా?" అని శేషమ్మనే అడిగింది.

"ఆయాసమేనమ్మా. రెండేళ్లయింది. గట్టెక్కాలంటే గుండెకాయ నోట్లోకొచ్చేది."

"వయసైంది, అందుకే అనుకున్నావా?"

"అందరూ అదే అన్నారు. నేనూ అదే అనుకున్నా."

చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసింది. అది సరిగ్గానే ఉంది. తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీసింది. ఎక్స్‌రే తీయించింది. మాపటేల ఆ నల్ల ఫిలిం కిటికీకి ఆనించి పట్టుకొని హజరత్తయ్యను పిలిచింది.

"ఇవి ఊపిరితిత్తులు. ఇక్కడ మచ్చలుండాలి, క్షయ అయితే. లేవు. శుభ్రంగా ఉన్నాయి. ఈమెకు క్షయ లేదు. ఎప్పుడూ లేదు."

హజరత్తయ్య ఫిలిం చూసినాడు. ఆమె ఎముకలు ఆయనకు మొదటిసారి కనబడినాయి. ఏం చూడాలో తెలియలేదు. 

"లేదా?" అన్నాడు.

"లేదు."

"మరి పాక ఎందుకేసినాం తల్లీ?"

ఆ ప్రశ్న డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆయన మళ్లా అడగలేదు. కొడుకు మస్తానయ్య పాకకు తాటాకు కప్పిన దినం, తాళ్లు అందించింది తనే.

"నువ్వేం పని చేస్తావు పెద్దాయనా?"

"ఏతాం తొక్కతానమ్మా. ఉప్పునీళ్లు తోడి కయ్యలకు పారిస్తా."

"నీళ్లు పోయే కాలవ పూడిపోతే ఏమవుతుంది?"

"ఎంత తొక్కినా కయ్యకు చేరవు. పోసినయ్యన్నీ ఎగదన్ని ఏతాం కిందే నిలబడతాయి. తొక్కేవోడి నడుం పడిపోద్ది."

"సరిగ్గా అదే. గుండెలో కుడివైపు ఊపిరితిత్తులకు రక్తం తోడుతుంది. అక్కడికి పోయే దారులు ఈమెకు ఇరుకైపోయాయి. చేతికి కట్టి చూసే పోటు వేరు, ఆ దారుల్లో పోటు వేరు. చేతిలో బాగుంది, అక్కడ విపరీతంగా ఉంది. తోడి తోడి గుండె అలిసిపోయింది. ఆ నిలిచిన నీళ్లే కాళ్ల వాపు. బరువెత్తితే మెదడుకు రక్తం చాలక పడిపోయింది."

హజరత్తయ్యకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నాళ్లూ ఆ మనిషి లోపల ఒకడు ఒంటరిగా ఏతాం తొక్కతా ఉన్నాడు. బయట వీళ్లందరూ ఆమె గిన్నెను వేరే కడుగుతా ఉన్నారు.

*

ఆస్పత్రిలో రోగుల వెంట వచ్చినోళ్ల కోసం బావి పక్కన ఒక సావిడి ఉంది. హజరత్తయ్య అక్కడ ఉన్నాడు. పొద్దునా మాపునా గంట కొట్టినప్పుడు ఆడోళ్ల వార్డులోకి పోనిస్తారు. నర్సు ఇందిరమ్మ మొదటిరోజే చెప్పింది.

"పథ్యం ఆస్పత్రిదే తాతా. బయటి తిండి ఒక్క మెతుకు పెట్టావా, నిన్ను లోపలికి రానివ్వను."

"పెట్టనమ్మా, ఒట్టు."

పెట్టలేదు. రెండోనాడు పక్కమంచం వాళ్లు ఇడ్లీ ఇస్తే తీసుకోనివ్వలేదు. కాఫీ తాగనివ్వలేదు. పథ్యమంటే వంకాయ, ఎండుచేప, చింతపండు, ఊరగాయ అని ఆయనకు తెలుసు. అవేమీ దగ్గిరికి రానీలేదు.

ఇంద్రజాలం మాదిరి ఉన్నాయి ఆ మొదటి రెండు దినాలు. పాదరసం కలిసిన మందంట, ఒక సూది పొడిచినారు. ఏదో ఆకు నుంచి తీసిన చిన్న మాత్ర ఒకటి, కొత్తగా వచ్చిన తెల్ల మాత్ర ఒకటి ఇచ్చినారు. తెల్లారేలోగా మూడు కుండలు ఉచ్చ పోసింది. పొద్దున ఇందిరమ్మ ఇనప తూకం మీద నిలబెట్టి చూసింది. నూట పద్దెనిమిది పౌండ్లున్న మనిషి నూట పద్నాలుగు అయింది. మర్నాడు నూట పన్నెండు. శేషమ్మ గోడకు ఆనుకొని కూర్చొని, కాలి కడియాన్ని వేలితో తిప్పి చూసుకుంది. తిరిగింది.

"చూడయ్యా," అంది.

ఆయన నవ్వినాడు. ఎన్ని నెలలయిందో నవ్వి. ఆ సంతోషంలోనే ఆమెకొచ్చిన గంజి గిన్నెలో వేలు ముంచి నాకి చూసినాడు. చప్పగా ఉంది. గడ్డి నానబెట్టిన నీళ్ల మాదిరి ఉంది. ఇంతమందికి వండే చోట ఎవరు చూడొచ్చినారులే అనుకున్నాడు. సూదులు, మాత్రలు అన్నీ మంచివే ఇస్తున్నారు, ఉప్పు దగ్గిరే పీనాసితనం చేస్తున్నారు అనుకున్నాడు. తన కయ్య ఉప్పు తన దగ్గిర ఉండగా ఈమెకు ఏం ఖర్మ? సావిడికి పోయి మూటలోంచి రెండు చిటికెలు తెచ్చినాడు. గంజిలో వేసి తిప్పి, రుచి చూసి ఇచ్చినాడు. శేషమ్మ గిన్నె తీసుకుంది. ఆయన వేళ్లు ఆమె వేళ్లకు తగిలినాయి. తాగింది.

ఆ మాపటేల కూడా ఇచ్చినాడు. మర్నాడు పొద్దున కూడా.

నాలుగోనాడు తూకం ముల్లు నూట పద్నాలుగు దగ్గిర నిలిచింది. అయిదోనాడు నూట పదహారు. ఇందిరమ్మ తూకాన్ని తట్టి చూసింది, తను ఎక్కి చూసుకుంది. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన చాలాసేపు నిలబడింది. కాలిమీద బొటనవేలి గుంట మళ్లా నిలిచింది.

"బయటి తిండి పెట్టావా?"

"లేదమ్మా. ఆ ఏసుప్రభువు మీద ఒట్టు, మా దర్గా మస్తాన్‌వలి మీద ఒట్టు."

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. నమ్మింది. అదే ఆమెను ఇంకా కలవరపెట్టింది.

"మందు పని చెయ్యడం మానేసింది," అని ఇందిరమ్మతో నెమ్మదిగా అంది. "ఇంకో సూది ఇవ్వాలి. ఇంతకంటే ఎక్కువిస్తే మూత్రపిండాలు తట్టుకోవు. ఇవ్వకపోతే ఊపిరాడదు."

ఆ మాట హజరత్తయ్య విన్నాడు. డాక్టరమ్మ వరండా చివర తన గదిలోకి పోయింది. ఈ మనిషి ఇంత కష్టపడతా ఉంటే ఇన్ని దినాలు తను చేతులు ముడుచుకొని కూర్చున్నాడే అనిపించింది. సావిడికి పోయి మూట తెచ్చినాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఆమె బల్లమీద మూట పెట్టి విప్పినాడు. ఉప్పు గళ్లు పటికబెల్లం మాదిరి తెల్లగా ఉన్నాయి.

"తొలిపలక ఉప్పమ్మా. మొన్నటి వానకు ముందు లాగింది. మీ ఇంటికి. మొదటినాడే ఇవ్వాల్సింది, మరిచిపోయినా. రొవంత తగ్గింది, ఏమనుకోబాకండి. దాని గంజిలోకి తీసినా."

డాక్టరమ్మ కలం పట్టుకున్న చెయ్యి కాగితం మీదనే ఆగిపోయింది.

"ఎవరి గంజిలోకి?"

"దాని గంజిలోకేనమ్మా. ఇక్కడి గంజిలో ఉప్పు ఉండటంలా. వంటోళ్లను తిట్టబాకండి, పాపం ఎంతమందికని చూస్తారు. నేనే కలిపి పోస్తున్నా, రెండుపూటలా."

కిటికీ బయట గిలకబావి కిర్రుమంటా ఉంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, మళ్లా కూర్చుంది.

"పెద్దాయనా, కూర్చో."

"పర్లేదమ్మా."

"కూర్చో."

ఆయన గోడవార గొంతుక్కూర్చున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. ఉప్పు ఎక్కడుంటే నీళ్లు అక్కడ నిలుస్తాయని చెప్పింది. మంచి గుండెకు అది లెక్కలోది కాదని, అలిసిన గుండె ఆ నీళ్లను తోడలేదని చెప్పింది. సూది లాగిన నీళ్లను గంజిలో ఉప్పు మళ్లా నింపిందని చెప్పింది. పథ్యమంటే ఉప్పు లేకపోవడమేనని చెప్పింది.

"నేను విడమరిచి చెప్పలేదు. ఉప్పు అన్న మాట నా నోట రాలేదు. ఇందులో తప్పు నాది కూడా."

హజరత్తయ్య ఆమె పెదాలు కదలడం చూస్తా ఉన్నాడు. ఉప్పు తిండి కాదు గదా. నీళ్ల మాదిరి, గాలి మాదిరి. దాన్ని పథ్యంలో ఎట్టా చేరుస్తారు? అరవై రెండేళ్లలో ఒకసారైనా ఆ ఆలోచన రాలేదు.

"ఇక్కడ మూడు దినాలేనమ్మా," అన్నాడు కడకు.  "ఇంటికాడ ఎనిమిది నెలలు. సొమ్మసిల్లతా ఉందని పొద్దునొక పిడికెడు, మాపునొక పిడికెడు. ఎక్కువ పడిపోతే ఎక్కువ పోసినా."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది.

"జబ్బు ఉప్పు వల్ల రాలేదు. అది నువ్వు తెచ్చింది కాదు."

"వాపు?"

ఆమె అబద్ధం చెప్పలేదు. అవునని తల ఊపింది.

"బాగవుద్దా?"

"నయం కాదు. మద్రాసులో చేతి నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి ఆ పోటెంతో కొలుస్తారు. ఈ వయసులో, ఈ స్థితిలో ఆమెను అంత దూరం కదపమని నేను చెప్పను. కొలిచి వచ్చినా ఇచ్చేవి ఈ మందులే. ఉప్పు మానాలి. బరువు ఎత్తకూడదు. మాత్రలు తప్పకూడదు. రోజూ కాళ్లు చూసుకోవాలి. అట్లా ఉంటే ఏడాది. రెండేళ్లు కావచ్చు. అందులో చాలా రోజులు హాయిగా ఉండొచ్చు."

ఆయన లేచినాడు. వాకిటిదాకా పోయి వెనక్కొచ్చి, బల్లమీది మూటను ముడేసి చంకన పెట్టుకున్నాడు. బావి దగ్గిరికి పోయి ఉప్పంతా తూములో కుమ్మరించినాడు. వీశెడు ఉప్పు. ఎప్పుడూ ఒక్క గల్లు కాలికింద పడితే కళ్లకద్దుకున్న మనిషి. గుడ్డ దులిపి, చేతులు కడిగి, మళ్లా కడిగినాడు.

*

మరుసటి వారం శేషమ్మ తూకం నూట ఎనిమిది. రేపు ఇంటికి పోవచ్చన్నారు. మాపటేల ఎండ వాలినాక ఇందిరమ్మ ఆమెను వరండాలో చాప మీద కూర్చోబెట్టింది. హజరత్తయ్య స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ఆ వారమంతా వార్డులోకి పోయి మంచం కాళ్ల దగ్గిర నిలబడి వచ్చేవాడు. గిన్నె ఇందిరమ్మే అందించేది.

"ఏమయ్యా, నోరు పడిపోయిందా?" అంది శేషమ్మ.

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"డాక్టరమ్మ చెప్పిందిలే నాకు. ఉప్పు సంగతి. నువ్వు చెప్పలేక చస్తున్నావని కూడా చెప్పింది."

"చంపినా గదంటే నిన్ను," అన్నాడు. "ఎవుడో పగోడు చేసినట్టు. నా చేత్తో."

శేషమ్మ ఆవరణలో గడ్డి మేస్తా ఉన్న ఆస్పత్రి ఆవును చూస్తా ఉంది. కొంచెం ఊపిరి కూడదీసుకుంది.

"దీపావళప్పుడు నువ్వు రాసి కాపలాకని పోయి ఆరు దినాలు ఇంటికి రాలా, గుర్తుందా?"

"ఊఁ."

"అప్పుడు కోడలు చెంచులక్ష్మి గంజి తెచ్చి పాక బయట రాయి మీద పెట్టి పొయ్యేది. పెట్టి, కేకేసి, పరుగో పరుగు. ఉప్పు వెయ్యను మరిచిపొయ్యేది. ఆ ఆరు దినాలు నాకు కడియం వదులైంది. రాత్రిళ్లు పడుకోగలిగినా. నువ్వొచ్చినావు, ఉప్పు కలిపి పోసినావు. రెండు దినాలకు మళ్లా బిగిసింది."

హజరత్తయ్య స్తంభం నుంచి వీపు ఎత్తినాడు.

"అప్పుడే అనుకున్నా, ఇది ఉప్పులోనే ఉందని. ఇంకోసారి చూసినా, సంక్రాంతి పోయినాక. గంజి పారబోసి తాగినానని చెప్పినా నీతో. మూడు దినాలు. మళ్లా తగ్గింది."

"తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి తాగినావా?"

"ఆఁ."

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు.  

"ఎందుకే? ఒక్క మాట చెప్పొచ్చు గదా!"

"చెపితే ఏం చేసేవాడివి? 'సరేలే, నా చేతి గంజి పడలేదు' అని కోడలికి చెప్పేవాడివి. అది రాయి మీద పెట్టి పొయ్యేది." ఆమె గొంతులో కోపం లేదు. ధాన్యం కొలిచేటప్పుడు చెప్పినట్టు చెప్పతా ఉంది. "ఎనిమిది నెలల్లో నా చేతికి తగిలిన చెయ్యి నీదొక్కటే. అదీ గిన్నె ఇచ్చేటప్పుడు. వేలు ముంచి, నాకి చూసి, మళ్లా అదే వేలు ముంచి తిప్పేవాడివి. వీడికి నా జబ్బంటే భయం లేదు గదా అనుకునేదాన్ని. పూటకొకసారి. దానికోసం తాగినా. కాళ్లు వాస్తే వాచినాయి."

గంట కొట్టినారు. బయటివాళ్లు పోవాలని గంట. ఇందిరమ్మ వచ్చి చూసి, వెనక్కి పోయింది.

హజరత్తయ్య చాప మీదికి జరిగినాడు.  ఆమె పాదం ఒకటి తీసి ఒళ్లో పెట్టుకొని, డాక్టరమ్మ చేసినట్టు బొటనవేలు ఆనించి నొక్కి తీసినాడు. చిన్న గుంట పడింది. చూస్తా ఉండగానే నెమ్మదిగా నిండింది. రెండో పాదం తీసుకున్నాడు.

*

బండి కాలవ గట్టెక్కేసరికి పొద్దు బారెడుంది. కొడుకు మస్తానయ్య, కోడలు చెంచులక్ష్మి వాకిట్లో నిలబడి ఉన్నారు. శేషమ్మ దిగి, అలవాటు కొద్దీ పాక వైపు తిరిగింది.

"ఇటు," అన్నాడు హజరత్తయ్య. "ఇంట్లోకి."

చెంచులక్ష్మి మొగుడి ముఖం చూసింది. మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, డాక్టరమ్మ ఏమంది?"

"క్షయ కాదు."

"తగ్గిపోయిందా?"

"తగ్గడానికి ఉండాల గదరా. ఎప్పుడూ లేదంట. ఫోటోలో చూపించింది."

 చెంచులక్ష్మి చేతిలో చేట ఉంది. అందులోని బియ్యం ఒక పక్కకు జారి నేలమీద పడతా ఉన్నాయి. ఆమెకు తెలియడం లేదు. మస్తానయ్య పాకను చూసినాడు, తల్లిని చూసినాడు, మళ్లా పాకను చూసినాడు.

"అత్తా..." అంది చెంచులక్ష్మి. 

"బియ్యం పోతున్నాయే పిచ్చిదానా," అంది శేషమ్మ. "మీకెవురు చెప్పినారు, నాకెవురు చెప్పినారు? అందరికీ కోట సూదుల ఆయనే గదా చెప్పింది." అని వాకిట్లోనే ఆయాసం తీర్చుకోను గడప మీద కూర్చుంది.

మస్తానయ్య కాలవలో వలేసి నాలుగు చేపలు తెచ్చినాడు. చెంచులక్ష్మి పులుసు పెట్టింది. ఉడకతా ఉండగా చెయ్యి ఉప్పుకుండలోకి పోయింది. హజరత్తయ్య పొయ్యి దగ్గిరే కూర్చొని ఉన్నాడు.

"వెయ్యబాక."

"అత్తకు వేరే తీసినాక వేస్తా మామా."

"వేరే తియ్యబాక. ఇంక ఈ ఇంట్లో దేనికీ వేరే తియ్యబాకండి."

"ఉప్పు లేకుండా నువ్వెట్టా తింటావు మామా? ఏతాం తొక్కేవోడివి."

"ఇంట్లో ఇదే కూడు. కయ్యల్లో నా గంజి నేను తాగుతాలే."

ఆమె చెయ్యి తీసేసి, కుండ మీద మూత పెట్టింది.

నడవలో నలుగురికీ ఆకులు వేసినారు. శేషమ్మ గోడవార కూర్చుంది. చెంచులక్ష్మి అందరికీ వడ్డించి, కాసేపు చట్టి పట్టుకొని నిలబడి, తర్వాత అత్త పక్కన తన ఆకు వేసుకొని కూర్చుంది. మోకాలు మోకాలికి తగిలింది. జరగలేదు. మస్తానయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం ఆపినాడు. ఉప్పు లేని పులుసులో పులుపు ఒంటరిగా ఉంది, కారం ఒంటరిగా ఉంది. చేప ఏ నీళ్లలో పుట్టిందో ఆ బురద వాసన కూడా తెలస్తా ఉంది. అతను మింగినాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు. హజరత్తయ్య తల వంచుకొని తింటా ఉన్నాడు. శేషమ్మ ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసి, తన ఆకులో చెయ్యి పెట్టింది.

చెంచులక్ష్మి కళ్లలోంచి నీళ్లు ముక్కు పక్కగా దిగి పైపెదవి మీదికి వచ్చినాయి. తుడుచుకోలేదు. అత్త ఆకు ఖాళీ అవుతా ఉంటే ఎడమచేత్తో గరిటె అందుకొని ఇంకొంచెం పులుసు పోసింది. శేషమ్మ చాలనలేదు. బయట కాలవలో పడవోళ్లు గడ వేసుకుంటా పోతున్నారు. నలుగురూ ఆకుల్లో మెతుకు మిగలకుండా తిన్నారు.